మీట ఉన్న విల్లు

మా బావ చెర్ పావ్ మువా వస్తున్నాడంటే ఆయన కంటే ముందు ఆయన గొంతు వచ్చేది. షెబాయ్గన్‌లో, లావోస్ కొండల నుంచి వలసొచ్చిన మా హ్మాంగ్ ఇళ్లల్లో పెళ్లి కుదురుతోందంటే పిల్ల వైపువాళ్లూ, పిల్లాడి వైపువాళ్లూ మధ్యవర్తిగా ఆయనే కావాలనేవాళ్లు. రెండు గుక్కలు పడ్డాక ఎంత మొండి మామ చేతనైనా తలూపించేవాడు. పగలు సాసేజి ఫ్యాక్టరీలో పొగగది చూసుకునేవాడు. శని ఆదివారాలు గ్యారేజీలో కూర్చుని హ్నెంగ్‌లు చెక్కేవాడు.

హ్నెంగ్ అంటే మా కొండల విల్లు. అడ్డంగా బిగించిన బద్దకి వెనక ఒక చెక్క దండం, దానికి జింక కొమ్ముతో చేసిన మీట. నేల మీద కూర్చుని బద్దని పాదాలతో తన్నిపెట్టి, రెండు చేతులా నారి లాగి మీటకి తగిలించాలి. ఇక్కడివాళ్లు దాన్ని క్రాస్‌బో అంటారు. బావ చేసినవి వేసవి సంతలోనూ మా కొత్త సంవత్సరం సంబరాల్లోనూ బాగా పోయేవి. కొన్నవాళ్లు తీసుకెళ్లి ముందుగదిలో గోడకి తగిలించుకునేవాళ్లు. అదే ఆయనకి కడుపుమంట.

"గోడకి పెట్టుకోవడానికి వీళ్లకి జింక తలకాయలు చాల్లేదా? ఇది కొట్టడానికి చేసిందిరా" అనేవాడు నాతో.

"నువ్వెప్పుడన్నా కొట్టావా బావా?" అని అడిగితే మాత్రం వినపడనట్టు నారికి మైనం రుద్దుకుంటూ కూర్చునేవాడు.

కొట్టడానికి చట్టం ఒప్పుకోదు మరి. మా దగ్గర సెప్టెంబరు నడిమి నుంచి విల్లుల కాలం, నవంబరు చివర్లో తుపాకుల కాలం. విల్లుల కాలంలో క్రాస్‌బో పట్టాలంటే అప్పట్లో ముసలితనం వచ్చి ఉండాలి, లేదా చేతులు బాగాలేవని డాక్టరు రాసివ్వాలి. బావకి నలభై ఆరేళ్లు. చేతులు ఇనప కడ్డీలు.

"ముసలాడివయ్యేదాకా ఆగు. ఆగలేకపోతే మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకో" అనేది మా అక్క మాయ్ షౌవా. "తొయ్యమంటే నేను తోస్తాను."

ఆ చలికాలం జిల్లా అంతా ఒకటే రభస. ప్రతి ఏప్రిల్లో వేటశాఖవాళ్లు రాష్ట్రంలో ప్రతి జిల్లాలోనూ హైస్కూలు ఆటలహాల్లో సభ పెట్టి, వేట నియమాల మీద ఎవరేం చెప్పినా విని, చేతులెత్తించి లెక్క రాసుకుంటారు. ఆ ఏడు రెండు ప్రశ్నలు వచ్చాయి. మా జిల్లాలో జింకని దగ్గరికే పేలే షాట్‌గన్‌తోనే కొట్టాలి, ఇకమీద దూరం పోయే రైఫిల్ కూడా పట్టనివ్వాలా అన్నది ఒకటి. విల్లుల కాలంలో క్రాస్‌బోని అన్ని వయసులవాళ్లకీ ఇవ్వాలా అన్నది ఇంకొకటి. మొదటిదాని మీద అన్నదమ్ములు ఒకళ్ల ట్రక్కు ఒకళ్లు ఎక్కడం మానేశారు. రెండోదాని మీద చర్చి భోజనాల్లో బల్లలు విడిపోయాయి.

ఆ రోజుల్లోనే డ్వేన్ కోల్బెక్ మా బావ గ్యారేజీకి వచ్చాడు. డ్వేన్‌ది ఊరి చివర వేటసామాను దుకాణం. అద్దాల వెనక నల్లటి క్రాస్‌బోలు వరసగా పెట్టుకున్నాడు. వాటి బద్ద కొసలకి చక్రాలు, పైన దుర్భిణి, నారి లాగడానికి తిప్పే పిడి. చట్టం మారితే ఆయన దుకాణం ముందు బారులు తీరతారు. ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు.

బావ చెక్కుతున్న దండాన్ని చేత్తో తడిమి, "ఇది ఎన్నాళ్ల విద్య?" అన్నాడు.

"మా తాతల తాతలు చేసేవాళ్లు."

"అదీ! ఆ మాట సభలో చెప్పు. మీటుంటే అది విల్లే కాదని ఆర్డిస్ గ్రూబె ఊరంతా చెబుతోంది. నువ్వు లేచి, ఇది మా జాతి విల్లు అని ఒక్క మాట అను. ఆవిడ నోరు పడిపోతుంది."

బావ పొంగిపోయాడు. ఆ వారమంతా ఆయన ఉపన్యాసం స్నానాలగదిలోంచి, కారులోంచి, చివరికి పొగగదిలోంచి కూడా వినపడిందట. "సాసేజులు బాగా విన్నాయా?" అని అడిగింది మా అక్క.

ఆర్డిస్ గ్రూబె అంటే మా వైపు తెలియనివాళ్లు లేరు. పాల ట్యాంకరు నడుపుతుంది. తెల్లారకముందే మొదలుపెట్టి పాడి కొట్టాలన్నీ తిరిగొస్తుంది. విలుకాళ్ల క్లబ్బుకి పెద్ద. తన విల్లు తనే చెక్కుకుంటుంది, గురి చూసుకునే పిన్ను కూడా దానికుండదు. ఆవిడకి వయసు దాటింది కాబట్టి కావాలంటే క్రాస్‌బో పట్టచ్చు. పట్టదు.

సభ రోజు బావ కొత్త చొక్కా తొడుక్కుని, హ్నెంగ్‌ని దుప్పట్లో చుట్టి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. హాలు గుమ్మంలో పోలీసు డిప్యూటీ ఆపాడు.

"ఇది బడి సార్. ఆయుధాలు లోపలికి రాకూడదు."

"క్రాస్‌బో గురించి పెట్టిన సభలోకి క్రాస్‌బో రాకూడదా?"

"తుపాకుల గురించి కూడా పెట్టారు సార్. అవన్నీ ట్రక్కుల్లోనే ఉన్నాయి, చూడండి."

బావ గొణుక్కుంటూ వెళ్లి ట్రక్కులో పెట్టొచ్చాడు.

ముందు రైఫిల్ సంగతి వచ్చింది. రైఫిల్ గుండు అనుకున్నచోటికే వెళ్తుంది, జింక బాధపడకుండా చస్తుంది అని కొందరన్నారు. ఆర్డిస్ లేచింది.

"పోయిన నవంబర్లో నా ట్యాంకరుకి ఒక గుండు తగిలింది. షాట్‌గన్‌ది కాబట్టి సొట్టపడి ఊరుకుంది. రైఫిల్ గుండు ఎంత దూరం పోతుందో మీ అందరికీ తెలుసు. పాలు కారిపోతే పోనీ. ముందు సీట్లో నేనున్నాను."

వెనక వరసలోంచి ఎవడో, "ట్యాంకరుని చూసి జింకనుకున్నవాడి చేతిలో ఏ తుపాకీ పెట్టినా వాడి కళ్లు మారవు కదా ఆర్డిస్!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. కాని చేతులు లెక్కపెడితే రైఫిలే గెలిచింది. బావ మేనల్లుళ్లు చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ చూస్తే చెర్ పావ్ చెయ్యి లేవలేదు.

"ఏంటి మామా, నిద్రపోయావా?" అన్నాడు ఒకడు.

"మెలకువగానే ఉన్నాను. ఇక్కడ పొలాలు అప్పడాల్లా ఉంటాయి, ప్రతి చెట్టు వెనకా ఎవడిదో ఇల్లుంటుంది. నోరు మూసుకో" అన్నాడు బావ.

తర్వాత క్రాస్‌బో. డ్వేన్ మాట్లాడాడు. భుజాలు నొప్పులున్నవాళ్లు, కొత్తగా వేటకి వచ్చే ఆడవాళ్లు, తీరికలేని ఉద్యోగస్తులు, అందరికీ పనికొస్తుందన్నాడు. ఆర్డిస్ మళ్లీ లేచింది.

"మీటుంటే అది విల్లు కాదు. విల్లయితే లాగి పట్టుకోవాలి. జింక నీకేసి చూస్తూంటుంది, నీ చెయ్యి వణుకుతూంటుంది, అప్పుడూ పట్టుకునే ఉండాలి. ఆ వణుకు కోసమే నేను పొద్దున్నే చలిలో కూర్చుంటాను. మీకు మాంసమే కావాలంటే నవంబర్లో తుపాకీ ఉంది కదా, నేనేమన్నా కాదన్నానా?"

సభ నడిపే పెద్దాయన బావ పేరు పిలిచాడు. బావ మైకు దగ్గరికి వెళ్లి, మైకు అక్కర్లేని గొంతుతో మొదలుపెట్టాడు. కొండలు, తాతలు, కొమ్ముతో చేసే మీట, నారికి వాడే పీచు, అన్నీ చెప్పాడు. డ్వేన్ తలాడిస్తూ కూర్చున్నాడు. అంతా బాగానే సాగుతోంది. ఆర్డిస్ చెయ్యెత్తింది.

"ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు దానితో ఏమేం కొట్టారు?"

నేను కుర్చీ అంచుకి జరిగాను. బావ గొప్పలు చెప్పడం మొదలుపెడితే ఏనుగు దాకా వెళ్లగలడని నాకు తెలుసు. ఆయన మైకుని పక్కకి జరిపాడు.

"చిన్నప్పుడు మూడు పిట్టలు" అన్నాడు. "ఒక కోడి. కోడి పక్కింటివాళ్లది."

హాలు పగిలిపోయేలా నవ్వారు. బావ కూడా నవ్వి, అది తగ్గేదాకా ఆగాడు.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు లావోస్ కొండలు వదిలేసి పారిపోయొచ్చాం. వేటాడింది మా నాన్న. అడవిపంది, జింక, ఏదైనా. నేను ఆయన వెనకాల పొదలో కూర్చుని చూసేవాణ్ణి. నది దాటేటప్పుడు తెప్ప మీద మనుషులకే చోటు లేదు, ఆయన హ్నెంగ్ గట్టు మీదే ఉండిపోయింది. అవతల శరణార్థుల శిబిరంలో ఒక ముసలాయన చెయ్యడం నేర్పాడు. కొట్టడం నేర్పలేదు. అక్కడ కొట్టడానికి ముళ్లకంచె తప్ప ఏముంది?"

తర్వాత ఆయన డ్వేన్ వైపు తిరిగాడు. పెళ్లి మాటల్లో కూడా అలాగే, ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు తిరుగుతాడు.

"డ్వేన్ అమ్మేదానికీ నేను చేసేదానికీ పేరు ఒకటే. ఆయనదానితో ఈ హాలు ఈ చివర నుంచి ఆ చివర కూర్చున్నవాడి టోపీ ఎగరగొట్టచ్చు. నాదానితో కొట్టాలంటే జింక కనురెప్పలు కనపడేంత దగ్గరికి పోవాలి. ఆర్డిస్ గారు వణుకన్నారే, అది నాక్కూడా కావాలి. అందుకని నేనేమంటానంటే, దుర్భిణి ఉండకూడదు, చక్రాలుండకూడదు, నారి చేతులతోనే లాగాలి. అలాంటి క్రాస్‌బో అయితే అందరికీ ఇవ్వండి."

డ్వేన్ లేచి నిలబడిపోయాడు. "నువ్వసలు ఎవరి వైపు?"

"నేనెప్పుడూ పెళ్లి వైపే" అన్నాడు బావ.

మళ్లీ నవ్వులు. కాని నవ్వినవాళ్లందరూ చెయ్యెత్తలేదు. బావ చెప్పినది అచ్చులో లేని ప్రశ్న కాబట్టి విడిగా చేతులెత్తించారు. నాలుగు వరసలకి ఒక చెయ్యి లేచింది. పక్కన చూస్తే మా అక్కది కూడా లేవలేదు. అసలు ప్రశ్నకి మా జిల్లా వద్దనే అంది. అయినా రాష్ట్రం మొత్తం మీద కావాలన్నవాళ్లే ఎక్కువయ్యారు. డ్వేన్ కోరుకున్నట్టే క్రాస్‌బోలన్నిటికీ చట్టం తలుపు తెరిచింది. డ్వేన్ మాత్రం బావతో మాట్లాడటం మానేశాడు.

బావ అదేం పట్టించుకోలేదు. "ఇక నన్నాపేవాడెవడు?" అని, కొత్త హ్నెంగ్ మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం గ్యారేజీ ముందు పాల ట్యాంకరు ఆగింది. సందంతా మూసుకుపోయింది. ఆర్డిస్ దిగింది.

"చట్టం మారింది, నాకు నచ్చలేదు. కాని నువ్వు దీనితో జింకకి గాయం చేసి వదిలేశావంటే నేనూరుకోను. శనివారం క్లబ్బుకి రా."

"మీ క్లబ్బులోకి మీటలు రానివ్వరుగా?"

"మీటని రానివ్వను. నిన్ను రమ్మంటున్నాను. వెనక పొలంలో కొట్టుకో."

మొదటి శనివారం బావ వేసిన బాణం గురికి పెట్టిన గడ్డిమోపు పైనుంచి పోయి అవతలి చేలో పడింది.

"ఆ మొక్కజొన్న నీకేం ద్రోహం చేసింది?" అంది ఆర్డిస్.

ఆయన ముఖం కందగడ్డయింది. రెండోదీ అటే పోయింది. కొమ్ము మీటని పెళ్లికొడుకు తలుపు తట్టినట్టు గట్టిగా లాగేస్తున్నాడని ఆవిడ కనిపెట్టింది. నెమ్మదిగా నొక్కడం నేర్పింది. పదడుగుల దూరం నుంచి మొదలుపెట్టించి, అక్కడ తప్పులు పోయేదాకా వెనక్కి జరగనివ్వలేదు. ఒకరోజు తనూ నారి లాగి చూస్తానని నేల మీద కూర్చుంది. బద్దని తన్నిపెట్టి లాగేసరికి వెల్లకిలా పడింది. పడినచోటే పడుకుని, "దీనికి చక్రాలు ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది" అంది.

హ్నెంగ్‌ని తనిఖీ చెయ్యడానికి వేటశాఖ వార్డెన్ రోవెన్ అనే అమ్మాయి వచ్చింది. క్రాస్‌బోకి చట్టం ప్రకారం ఇంత బలం ఉండాలి, మీట పొరపాటున కదలకుండా సేఫ్టీ ఉండాలి. నారికి కాటా తగిలించి లాగితే బలం తక్కువొచ్చింది. సేఫ్టీ అసలే లేదు.

"మా తాతలకి వేలే సేఫ్టీ అమ్మా" అన్నాడు బావ.

"మీ తాతలకి నేను చలానా రాయను. మీకు రాస్తాను" అంది ఆ పిల్ల.

బావ ఇంకా మందమైన హికరీ చెక్కతో బద్ద చేశాడు. మీట కదలకుండా అడ్డంపడే చిన్న కొమ్ము మేకు ఒకటి చెక్కాడు. దానికే మూడు వారాంతాలు పట్టింది. రోవెన్ మళ్లీ వచ్చి, మేకు దింపి మీట నొక్కింది, తీసి నొక్కింది. "కొమ్ముతో చేసిన సేఫ్టీ ఎప్పుడూ చూడలేదు. కొమ్ముది ఉండకూడదని ఎక్కడా రాసి కూడా లేదు" అని కాటాలో అంకె రాసుకుని వెళ్లిపోయింది.

ఆ శరదృతువంతా బావ చిత్తడినేల అంచున పొదల్లో కూర్చున్నాడు. ఆర్డిస్ చిన్నాన్న కొడుకు పొలం అది. మంచె ఎక్కలేదు, నేల మీదే. జింకలు వచ్చాయి, దూరంగా ఆగాయి, పోయాయి. ఆయన కొట్టలేదు. డ్వేన్ దగ్గర కొన్నవాళ్లు దుకాణం ముందు జింకలతో ఫొటోలు దిగారు. నవంబర్లో మేమంతా తుపాకులు పట్టుకుపోయాం. బావ రాలేదు.

"ఫ్రీజర్లో ఐసు తప్ప ఏమీ లేదు" అంది మా అక్క. "ఏమయ్యా, కనీసం ఆ కోడి ఉన్న పక్కింటివాళ్లు ఎక్కడున్నారో కనుక్కో."

"వచ్చే ఏడు తింటావులే" అన్నాడు బావ. ఆ మాట అనడంలో ఏమాత్రం తడబాటు లేదు.

ఆ మరుసటి ఏడు అక్టోబరులో ఒక ఉదయం నేను కూడా వెళ్లాను. రాత్రి మంచు పడి గడ్డి తెల్లగా ఉంది. ఆయనకి కొంచెం వెనగ్గా దేవదారు మొదట్లో కూర్చున్నాను. ఎండ కాస్త పైకొచ్చాక చిత్తడిలోంచి ఒక లేడి నడుచుకుంటూ వచ్చింది. ఆగి, చెవులు తిప్పి, మళ్లీ నడిచింది. బావ హ్నెంగ్ భుజానికెత్తాడు. చక్రాలు లేని విల్లు, మీటకి తగిలించిన నారి, లాగిపట్టుకోవలసిన పనేమీ లేదు. అయినా ఆయన మోచేతులు వణకడం నాకు కనపడింది. లేడి ముక్కులోంచి ఆవిరి వస్తోంది. ఇంకా దగ్గరికొచ్చింది. పక్కకి తిరిగింది. మేకు తీసిన చప్పుడు నాకు వినపడలేదు, దానికీ వినపడలేదు.

నారి టప్‌మంది. లేడి ఎగిరి, తోకెత్తి చిత్తడిలోకి దూసుకుపోయింది.

నేను లేవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. గాయపడినదాన్ని వెంటనే తరిమితే ఎటో పోతుందని ఆర్డిస్ ఆయన చేత ఎన్నిసార్లు చెప్పించిందో. ఆవిడకి ఫోను చేశాడు. పాలు దించేసి ఖాళీ ట్యాంకరుతో వచ్చి రోడ్డు వారన ఆపింది. ముగ్గురం నెత్తురు చుక్కలు పట్టుకుని నడిచాం. ముందు ఎర్రగా, తర్వాత నురగతో. ఆర్డిస్ వంగి ఆ నురగని చూసి, "ఊపిరితిత్తులు. బాగా కొట్టావు" అంది. కాస్త దూరంలో రెల్లు మధ్య పడి ఉంది. ఎక్కువ దూరం పోలేదు, ఎక్కువ బాధా పడలేదు.

బావ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేశాడు. బాణం చూశాడు. తోలులో ఎక్కడ దిగిందో వేలితో తడిమాడు.

"నాన్న ఇక్కడే కొట్టేవాడు" అన్నాడు నాతో. "ముందుకాలి వెనకాల. నేను మర్చిపోయాననుకున్నానురా."

కళ్లు తుడుచుకుని లేచి, నా వీపు మీద ఒక్కటిచ్చి, "ఏంటలా చూస్తున్నావ్? కాళ్లు పట్టు!" అన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో భోజనం. మా అక్క లేడి మాంసాన్ని నిమ్మగడ్డి, వాము ఆకుల్లాంటి మా పెరటి ఆకులు వేసి ఉడికించింది. కాలేయం వేరే వేపింది. మిరపకాయ పచ్చడి నూరింది. ఆర్డిస్‌ని పిలిచాం. అందరూ కూర్చున్నాక బావ ఒక చెంచాడు అన్నం, ఒక ముక్క మాంసం బల్ల మీద తీసిపెట్టి, మా భాషలో చనిపోయిన వాళ్ల నాన్నని పేరుపెట్టి పిలిచాడు. వచ్చి తినమన్నాడు. కొట్టింది నీ విల్లు లాంటిదానితోనే, చెక్క మాత్రం ఇక్కడిది అని చెప్పాడు.

ఆర్డిస్ చెంచా కింద పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఎవర్ని పిలుస్తున్నాడు?" అని నన్నడిగింది గుసగుసగా. చెప్పాను. ఆయన మళ్లీ చెంచా తీసేదాకా ఆవిడ ముట్టుకోలేదు. ఆ తర్వాత పచ్చడి ఎక్కువేసుకుని దగ్గి దగ్గి ముఖమంతా ఎర్రబడింది. అయినా మళ్లీ వేసుకుంది.

"క్లబ్బులోకి మీటని రానిస్తారా ఇప్పుడు?" అన్నాడు బావ.

"చేతులెత్తించాలి. నియమం నియమమే. నేనొద్దనే ఎత్తుతాను."

చేతులెత్తించారు. ఆవిడ వద్దనే ఎత్తింది. అయినా బావే గెలిచాడు. దుర్భిణి లేకుండా, చేతులతో లాగే క్రాస్‌బో అయితే క్లబ్బు లోపల కూడా పట్టచ్చని రాసుకున్నారు. ఓడిపోయిన ఆర్డిస్ మర్నాడే ఫోను చేసి, గడ్డిమోపులు ఎప్పుడు మోయడానికొస్తావని బావని అడిగింది.

ఇప్పుడు శనివారాలు అక్కడ బావ నేర్పుతున్నాడు. ఆయన మేనల్లుళ్లూ, ఇద్దరు నర్సులూ, రిటైరైన ఒక పోస్టుమాస్టరూ వస్తున్నారు. వెల్లకిలా పడనివాళ్లు లేరు. పోయిన నెల డ్వేన్ కూడా వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. బావ ఒక హ్నెంగ్ చేతికిచ్చి, కూర్చుని లాగమన్నాడు. డ్వేన్ లాగాడు. అతని మొదటి బాణం గడ్డిమోపు అంచున దిగింది. బావ కంటే నయం. ఆ సంగతి ఆర్డిస్ ఊళ్లో ప్రతి పాల కొట్టంలోనూ చెప్పుకుంటూ వెళ్లింది.